రెండు రూల్స్‌తో దారి వెతికే రాపిడ్‌నెట్

పర్లాకిమిడిలో మా మేడకీ, చిన్నాన్న వాళ్ల మేడకీ మధ్య ఒక మామిడి చెట్టు. వానకి ఆకులు తడిస్తే వైర్‌లెస్ లింకు పడిపోతుంది. అప్పుడు దారి దానంతటదే మారాలి. ఆ పట్టుదలతోనే పెన్సిల్వేనియా యూనివర్సిటీలో తయారైన, నెట్‌వర్క్‌లో దారులు వెతికే పద్ధతులు రాసి పరీక్షించే ఉచిత టూల్ రాపిడ్‌నెట్ పట్టుకున్నాను.

ఇందులో ఎలా చెయ్యాలో రాయం, ఏం కావాలో రాస్తాం. భాష ఎన్‌డీలాగ్, రూల్స్‌తో డేటాబేస్‌ని ప్రశ్నలడిగే డేటాలాగ్ భాషకి దగ్గరి చుట్టం. నా మొదటి ప్రోగ్రాంలో రెండే రూల్స్: పక్క నోడ్‌కి (నెట్‌వర్క్‌లోని పరికరానికి) లింకుంటే దానికి దారి ఉన్నట్టే, ఆ నోడ్‌కి ఎక్కడికైనా దారుంటే నాకూ ఉన్నట్టే. ఖర్చు లెక్క, దారి గుండ్రంగా తిరగకూడదన్న షరతు కలిపితే రూటింగ్, అంటే దారి ఎంచుకోవడం, వచ్చేసింది! ఆ రూల్స్‌ని రాపిడ్‌నెట్టే సీ++ ప్రోగ్రాంగా మార్చి, నెట్‌వర్క్‌ని కంప్యూటర్‌లోనే అనుకరించే ఎన్ఎస్-3 సిమ్యులేటర్‌లో నడుపుతుంది.

దారి వెతకడానికి ఇందులో రెండు పద్ధతులూ కలపొచ్చు: లింకులు నిలకడగా ఉంటే దారులు ముందే సిద్ధం చేసుకోవడం, తరచూ తెగుతుంటే అవసరమైనప్పుడే వెతకడం. ఎప్పుడు దేనికి మారాలన్నది కూడా రూలే. నాకు ప్రాణం లేచొచ్చింది ఇక్కడే.

ఏ సమాచారం ఏ నోడ్‌లో ఉండాలో 'ఎట్' (@) గుర్తుతో చెప్పాలి. అది మర్చిపోతే తప్పు పట్టుకోవడం కష్టం, ఓపిక కావాలి. డేటాబేస్ క్వెరీలు రాసే అలవాటుంటే త్వరగా అబ్బుతుంది. బరంపురం, రాయగడల్లో నెట్‌వర్క్స్ చదివే పిల్లలు తప్పకుండా ప్రయత్నించండి.