మే నెల ఎండలు తప్పించుకుని ఐస్‌లాండ్‌కు: ఒక బెజవాడ ట్రావెల్స్ సేవపై సమీక్ష

ఏప్రిల్ చివరలో బయలుదేరి మే మొదటి వారం ముగిసేలోగా తిరిగి వచ్చేలా ఐస్‌లాండ్ యాత్ర నడిపిన బెజవాడ ట్రావెల్స్ సంస్థ ఒకదాని సేవ గురించి, వచ్చే వేసవికి ఇదే ఆలోచనలో ఉన్నవారి కోసం రాస్తున్నాను.

వీసా పనిలో వారికి వంక పెట్టలేము. ఐస్‌లాండ్‌తో సహా ఐరోపాలోని చాలా దేశాలకు ఒకటిగా చెల్లే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చని చెప్పి, కనీసం 30,000 యూరోల వైద్య బీమాతో సహా కాగితాలన్నీ వారే సిద్ధం చేశారు. వేలిముద్రల కోసం హైదరాబాదు వెళ్లి రావడం తప్ప మాకు శ్రమ కలగలేదు.

ఆ రోజులను ఎంచుకోవడం కూడా మంచి నిర్ణయమే. జూన్ నుంచి ఆగస్టు దాకా అక్కడ గదుల ధరలు, రద్దీ రెండూ బాగా పెరుగుతాయి. మేము వెళ్లినప్పుడు దేశాన్ని చుట్టివచ్చే ఒకటో నంబరు రహదారి చాలా చోట్ల ఖాళీగా ఉంది. కరిగే మంచుతో స్కోగాఫాస్ జలపాతం నిండుగా దూకుతోంది, విక్ ఊరి దగ్గరి కొండచరియలకు పఫిన్ పక్షులు అప్పటికే చేరుకున్నాయి. రాత్రి పది గంటల ప్రాంతం వరకు వెలుతురు ఉండటం వల్ల, పిల్లలతో వచ్చినవారు కూడా తొందరపడకుండా అన్నీ చూడగలిగారు.

అయితే కరపత్రంలో అచ్చు వేసిన బొమ్మల విషయంలో నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది. అందులో అరోరా కాంతులు (ధ్రువ ప్రాంతాల రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగులు), నీలి మంచు గుహలు, దేశం లోపలి ఎత్తైన పీఠభూమి అన్నీ ఉన్నాయి. ఏప్రిల్ మధ్య దాటాక అక్కడి రాత్రులు అరోరా కనిపించేంత చీకటిగా ఉండవు. వాత్నాయోకుల్ హిమానీనదంలోని సహజ గుహలు చలి తగ్గితే కరిగే నీటి వల్ల ప్రమాదకరంగా మారతాయి కనుక సాధారణంగా వాటిని చలికాలంలోనే చూపిస్తారు. పీఠభూమి దారులు మంచు తొలగి జూన్‌లో గానీ తెరుచుకోవడం మొదలు కాదు. మా బృందంలోని గుంటూరు దంపతులు అరోరా కోసమే ఇంత ఖర్చు పెట్టుకుని వచ్చారు. ఆ పెద్దవారికి ఈ సంగతి ముందే చెప్పకపోవడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

సంస్థ ఇచ్చిన బట్టల జాబితాను కూడా సవరించాలి. ఆ రోజుల్లో పగటి వేడి సాధారణంగా 10 డిగ్రీల లోపే ఉంటుంది, కానీ బాధించేది చలి కన్నా గాలీ వానా. బరువైన కోటు ఒక్కటి కాక, లోపల ఉన్ని బట్టలు, పైన నీరు, గాలి చొరబడని జాకెట్టు, ప్యాంటు ఉండాలి. గొడుగు అక్కరకు రాదు. కారు తలుపును గట్టిగా పట్టుకుని తెరవాలని, లేకపోతే గాలికి విరిగిపోవచ్చని అక్కడి డ్రైవరు చెప్పిన మాట ఆ జాబితాలో మొదటే ఉండవలసింది. చల్లటి కుళాయి నీరు నేరుగా తాగవచ్చు, కాబట్టి సీసాలు కొననక్కరలేదు. రాజధాని రేక్యవిక్‌లో వేడి నీటికి గంధకం వాసన వస్తుంది, దానికి కంగారు పడనవసరం లేదు.

ఈ సంస్థతో వెళ్లాలనుకునేవారు, తమ తేదీల్లో ఏవేవి చూడటం కుదురుతుందో, ఏవి కుదరవో కాగితం మీద రాయించుకున్న తరువాతే అడ్వాన్సు కట్టాలి. అరోరానే ముఖ్యమనుకుంటే మే నెలను వదులుకుని, సెప్టెంబరు చివరి నుంచి మార్చి లోపు తేదీలు అడగాలి.