సీపీయూ వోల్టేజి డివైస్ ట్రీలో: జీపీఐఓ, ఐ2సీ, పీడబ్ల్యూఎం, ఫర్మ్‌వేర్ – ఏది మేలు?

ఆరెంజ్ పై వన్, ఆరెంజ్ పై పీసీ బోర్డులు రెండిట్లోనూ ఉన్నది ఆల్‌విన్నర్ హెచ్3 చిప్పే. అవే నాలుగు కార్టెక్స్-ఏ7 కోర్లు. తేడా ఆ కోర్లకు కరెంటు అందించే చిన్న బక్ కన్వర్టర్ (వోల్టేజిని తగ్గించి ఇచ్చే రెగ్యులేటర్ చిప్పు) దగ్గర ఉంది. వన్‌లో ఎస్‌వై8113బీ పెట్టారు. దానికి రిజిస్టర్లూ లేవు, బస్సూ లేదు. ఒక జీపీఐఓ పిన్ను (సాఫ్ట్‌వేర్ హై, లో చేయగల పిన్ను) హై చేస్తే 1.3 వోల్టులు, లో చేస్తే 1.1. పీసీలో ఉన్నది ఎస్‌వై8106ఏ. ఐ2సీ (చిప్పుల మధ్య రెండు తీగల బస్సు) మీద మాట్లాడుతుంది, 0.68 నుంచి 1.95 వోల్టుల దాకా 10 మిల్లీవోల్టుల మెట్లలో ఎంత కావాలంటే అంత ఇస్తుంది. బోర్డు మీద ఏది ఉందో లినక్స్ కెర్నల్ తనంతట తాను కనిపెట్టలేదు. డివైస్ ట్రీలో, అంటే బోర్డు మీద ఏమేం ఉన్నాయో కెర్నల్‌కు చెప్పే ఫైలులో, మనం రాసిందే దానికి వేదం.

రెగ్యులేటర్లను పోల్చేటప్పుడు అందరూ ధర, వేగం చూస్తారు. నేను ముందు చూసేది వేరు: ట్రీలో తప్పు రాస్తే ఆ తప్పు ఎక్కడ బయటపడుతుంది? వోల్టేజి తప్పు రాస్తే కంపైలర్ ఊరుకుంటుంది, బోర్డు బూట్ కూడా అవుతుంది. అసలు తలనొప్పి అక్కడే మొదలు.

జీపీఐఓ పద్ధతి చూడటానికి అన్నిటికంటే సులువు. కంపాటిబుల్ (ఏ డ్రైవర్ కావాలో చెప్పే ప్రాపర్టీ) 'రెగ్యులేటర్-జీపీఐఓ', స్టేట్స్ ప్రాపర్టీలో మైక్రోవోల్టుల్లో రెండు జతలు: 1100000కి సున్నా, 1300000కి ఒకటి. వన్ బోర్డు ఫైలులో రెగ్యులేటర్-రాంప్-డిలే 50 అని ఉంటుంది, అంటే మైక్రోసెకనుకు 50 మైక్రోవోల్టులు. 200 మిల్లీవోల్టులు ఎక్కడానికి 4 మిల్లీసెకన్లు. కెర్నల్ ఆ 4 మిల్లీసెకన్లు ఆగాకే క్లాక్ పెంచుతుంది. ఇంకో చిన్న ప్రాపర్టీ జీపీఐఓస్-స్టేట్స్. డ్రైవర్ లేచేసరికి పిన్ను ఏ స్థితిలో ఉండాలో అది చెబుతుంది. అక్కడ పొరపాటున సున్నా పెట్టారనుకోండి, బూట్‌లోడర్ (కెర్నల్ కంటే ముందు నడిచే ప్రోగ్రాం) అప్పటికే క్లాక్ పెంచి ఉంటే కోర్ల కింద నేల లాగేసినట్టే.

ఇక స్టేట్స్‌లో సున్నా, ఒకటి తారుమారైతే? ఖాళీగా ఉన్నప్పుడు 1.3 అందుతుంది, చిప్పు కాస్త వేడెక్కుతుంది, ఎవరూ పట్టించుకోరు. పెద్ద కంపైల్ పెట్టగానే 1.1కి పడిపోతుంది, బోర్డు బిగుసుకుంటుంది. లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు. మనం అడాప్టర్ మారుస్తాం, ఎస్‌డీ కార్డు మారుస్తాం, హీట్‌సింక్ అంటిస్తాం. ట్రీ ఫైలు మీదికి చూపు మాత్రం పోదు.

ఐ2సీ పద్ధతిలో ఇలాంటి మౌనం చాలామటుకు ఉండదు. చిరునామా తప్పు రాస్తే ప్రోబ్ సమయంలోనే, అంటే డ్రైవర్ మొదటిసారి పలకరించినప్పుడే, చిప్పు పలకదు, డీమెసేజ్‌లో (కెర్నల్ లాగ్‌లో) కనిపిస్తుంది. అప్పుడు ట్రీలో సీపీయూను వర్ణించే నోడ్‌లోని సీపీయూ-సప్లై (ఏ రెగ్యులేటర్ అన్నది) దొరకక, వేగాన్ని మార్చే సీపీయూఫ్రీక్ డ్రైవర్ ఎదురు చూస్తూ కూర్చుంటుంది. బోర్డు బూట్ వేగంలోనే నడుస్తుంది తప్ప చావదు. పెట్టిన వోల్టేజిని రిజిస్టర్ నుంచి తిరిగి చదువుకోవచ్చు కూడా. అలాగని ఇదీ పూర్తిగా అమాయకం కాదు. ఎస్‌వై8106ఏకి సిలర్జీ,ఫిక్స్‌డ్-మైక్రోవోల్ట్ అనే ప్రాపర్టీ రాయాలి. ఐ2సీ ఆజ్ఞ ఇంకా రానప్పుడు బోర్డు మీది రెసిస్టర్లు ఎంత వోల్టేజి పెడతాయో అది చెబుతుంది. ఆరెంజ్ పై పీసీకి అది 1200000. ఆ ఒక్క అంకె మాత్రం మనం నిజమే రాశామని కెర్నల్ నమ్మాల్సిందే.

ఇంత తేడా ఉన్న రెండు బోర్డులకూ హెచ్3 ఓపీపీ టేబుల్ (ఏ వేగానికి ఎంత వోల్టేజి కావాలో చెప్పే పట్టిక) ఒక్కటే ఎలా సరిపోయింది? ఆ టేబుల్‌లో 1008 మెగాహెర్ట్జ్ వరుసకు ఓపీపీ-మైక్రోవోల్ట్ మూడు అంకెలు: లక్ష్యం 1200000, కనిష్ఠం 1200000, గరిష్ఠం 1300000. చిప్పుకు 1.2 చాలు, 1.3 దాకా అయినా తట్టుకుంటుంది అని దాని అర్థం. పీసీలో రెగ్యులేటర్ కచ్చితంగా 1.2 ఇస్తుంది. వన్‌లో 1.2 లేదు కాబట్టి కెర్నల్ 1.3 ఎంచుకుంటుంది. దానికి మూల్యం ఉంది: డైనమిక్ పవర్ వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది, 1.3ని 1.2తో భాగించి వర్గం చేస్తే 1.17. అదే పనికి దాదాపు 17 శాతం ఎక్కువ వేడి. చౌక కన్వర్టర్‌లో మిగిలిన డబ్బు హీట్‌సింక్ కింద ఖర్చవుతుందన్నమాట.

ఈ మూడంకెల పద్ధతి ఓపీపీ-వీ2తో (ఆ పట్టిక రాసే రెండో పద్ధతితో) వచ్చింది. పాత ఆపరేటింగ్-పాయింట్స్‌లో కిలోహెర్ట్జ్, మైక్రోవోల్ట్ జతలే ఉండేవి. సర్దుబాటుకు సీపీయూ నోడ్‌లో వోల్టేజ్-టాలరెన్స్ అని అన్నిటికీ కలిపి ఒకే శాతం రాసేవారు. వీ2లోనూ ఒక్క అంకే రాసి ఊరుకునేవాళ్లున్నారు. బీగల్‌బోన్ బ్లాక్ చూస్తే అదెందుకు ప్రమాదమో తెలుస్తుంది. దాని ప్రాసెసర్, టీఐ (టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్) వారి ఏఎం335ఎక్స్‌లో 800 మెగాహెర్ట్జ్‌కు 1.26 వోల్టులు కావాలి. పక్కనున్న రెగ్యులేటర్ చిప్పు టీపీఎస్65217 ఆ పరిధిలో 25 మిల్లీవోల్టుల మెట్లే వేస్తుంది: 1.25 ఉంది, 1.275 ఉంది, 1.26 లేదు. ఒంటరిగా 1260000 అని రాస్తే ఈ వోల్టేజి రెగ్యులేటర్‌కు చేతకాదని కెర్నల్ ఆ వరుసనే పక్కన పెడుతుంది. అందుకే అక్కడ 1260000, 1234800, 1285200 అని అటూ ఇటూ రెండేసి శాతం వదిలి రాశారు. అలా రాస్తే 1.275 దొరుకుతుంది. హెచ్3 టేబుల్‌లా పైకి మాత్రమే వదలడం మేలా, టీఐలా రెండు వైపులా మేలా? డేటాషీట్ కనిష్ఠాన్ని ఒప్పుకుంటేనే టీఐ దారి. లేకపోతే లక్ష్యాన్నే కనిష్ఠంగా పెట్టడం క్షేమం.

పీడబ్ల్యూఎం రెగ్యులేటర్ (వేగంగా ఆన్-ఆఫ్ అయ్యే పిన్నుతో వోల్టేజిని నడిపేది) గురించి నా అభిప్రాయం కొంచెం కఠినం. ఓడ్రాయిడ్-ఎన్2లో పెద్ద కోర్ల వోల్టేజి ఇలాగే వస్తుంది. పీరియడ్ 1250 నానోసెకన్లు, వోల్టేజి 721000 నుంచి 1022000 మైక్రోవోల్టులు, డ్యూటీ (పీరియడ్‌లో పిన్ను ఆన్‌లో ఉండే శాతం) 100 నుంచి సున్నాకు. గమనించండి, తలకిందులు: డ్యూటీ పెరిగితే వోల్టేజి తగ్గుతుంది. కెర్నల్ మధ్యలో ఒక సరళరేఖ గీసుకుని ఏ వోల్టేజి అడిగినా ఇవ్వగలననుకుంటుంది. 24 మెగాహెర్ట్జ్ క్లాక్‌తో 1250 నానోసెకన్లంటే 30 టిక్కులే, అంటే నిజమైన మెట్టు సుమారు 10 మిల్లీవోల్టులు. అది పెద్ద లోపం కాదు. అసలు లోపం ఏమిటంటే ఆ రెండు చివరి అంకెలూ బోర్డు రెసిస్టర్ల నుంచి పుట్టినవి, చదివి సరిచూసుకోవడానికి రిజిస్టరే లేదు. వేరే బోర్డు ఫైలు నుంచి ఆ నోడ్‌ను అలాగే దింపుకుంటే తప్పు పదుల మిల్లీవోల్టుల్లో దాక్కుంటుంది, నెలల తరబడి దొరకదు. మల్టీమీటర్ పెట్టి రెండు చివర్లూ కొలవకుండా ఈ నోడ్ రాయకూడదు.

నాలుగోది ట్రీలో వోల్టేజి అసలు రాయకుండా ఫర్మ్‌వేర్‌కు (చిప్పులో తయారీదారు పెట్టే సాఫ్ట్‌వేర్‌కు) వదిలేయడమే. రాస్‌బెర్రీ పైలో లినక్స్ ఫ్రీక్వెన్సీ మాత్రమే అడుగుతుంది, 2019లో వచ్చిన డ్రైవర్ ఆ మాటను మెయిల్‌బాక్స్ (కబుర్లు పంపే హార్డ్‌వేర్ దారి) ద్వారా ఫర్మ్‌వేర్‌కు చేరవేస్తుంది, వోల్టేజి సంగతి అటే. ఆర్మ్ వాళ్ల ఎస్‌సీఎంఐ పెర్ఫార్మెన్స్ ప్రోటోకాల్ తీరూ ఇదే. వేల సంఖ్యలో అమ్మే ఉత్పత్తికి నేను దీనికే ఓటేస్తాను: కస్టమర్ ట్రీ మార్చుకున్నా చిప్పు కాలదు. కానీ ఫర్మ్‌వేర్‌లో తప్పుంటే టెక్స్ట్ ఫైలు దిద్ది బయటపడే దారి ఉండదు, తయారీదారు అప్‌డేట్ కోసం ఎదురుచూడాలి. ఒక్కో చిప్పు నాణ్యతను బట్టి సర్దడం ఫర్మ్‌వేర్‌కే సాధ్యమన్న వాదన మాత్రం పూర్తిగా నిజం కాదు. ఏఎం335ఎక్స్‌లో ఈఫ్యూజ్ (తయారీలో చిప్పులో శాశ్వతంగా రాసిన విలువ) చదివి, ఓపీపీ వరుసలోని ఓపీపీ-సపోర్టెడ్-హెచ్‌డబ్ల్యూతో పోల్చి, ఆ చిప్పుకు తగని వరుసల్ని కెర్నలే తీసేస్తుంది.

కొత్తగా బోర్డు గీసేవారు నన్నడిగితే ఐ2సీ అంటాను. ధర ఒత్తిడి మరీ ఉంటే జీపీఐఓ, కానీ ఓపీపీ వరుసలు రెండు మూడు మించకుండా. ఏది ఎంచుకున్నా, మొదటి మూడిట్లో రెగ్యులేటర్ నోడ్‌కు రెగ్యులేటర్-ఆల్వేస్-ఆన్, సీపీయూ నోడ్‌కు సీపీయూ-సప్లై రాశారో లేదో చూసుకోండి. నేనొకసారి రెండూ మరిచిపోయాను. బోర్డు చక్కగా బూటై, లాగిన్ కూడా అడిగి, సరిగ్గా అర నిమిషానికి ఆరిపోయేది. ఎవరూ వాడని రెగ్యులేటర్లను కెర్నల్ బూటయ్యాక 30 సెకన్లకు ఆపేస్తుంది. దాని దృష్టిలో సీపీయూ రెగ్యులేటర్‌ను ఎవరూ వాడటం లేదు మరి.