మారుతీనా, టాటానా? రేకు తట్టి చెప్పలేం

మొన్న మా బావ కారు కొంటానని నన్ను కూడా షోరూమ్‌కి తీసుకెళ్లాడు. లోపలికి అడుగు పెట్టాడో లేదో, బానెట్ మీద వేళ్లతో టకటకా కొట్టి, "మారుతీ రేకు పలచనరా, టాటా అయితే గట్టి" అన్నాడు. ఈ మాట మనలో ఎవరినడిగినా చెబుతారు. నాకు మాత్రం ఇలా చూసి కారు కొనడమంటే భయం.

బయటి రేకు ప్రాణం కాపాడదు. కాపాడేది దాని వెనకున్న ఉక్కు చట్రం, తలుపుల పక్కన నిలబడే పిల్లర్లు. గుద్దుకున్నప్పుడు ముందు భాగం నలిగి దెబ్బను మింగేయాలి, మనుషులు కూర్చునే చోటు మాత్రం చెక్కుచెదరకూడదు. అది తడితే తెలిసేది కాదు, గుద్ది చూస్తేనే తెలుస్తుంది. కార్ల భద్రతను పరీక్షించి స్టార్లు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ వాళ్లు గంటకు 64 కిలోమీటర్ల వేగంతో కారును అడ్డుకు గుద్దించి చూసేది అందుకే.

2014లో ఆ పరీక్షలో మారుతీ ఆల్టో 800కి ఐదు స్టార్లకు సున్నా వచ్చింది. టాటా నానోకీ సున్నాయే. టాటా అంటే గట్టి అన్న పేరు బలపడింది 2018 డిసెంబరులో నెక్సాన్‌కు 5 స్టార్లు వచ్చాక. మన దేశంలో తయారైన కార్లలో ఆ రేటింగ్ మొదట అందుకున్నది అదే. 2020లో మారుతీ ఎస్-ప్రెస్సోకు మళ్లీ సున్నా. కానీ 2024 నవంబరులో అదే మారుతీ కొత్త డిజైర్ పెద్దల రక్షణలో 5 స్టార్లు తెచ్చుకుంది. ఇక కంపెనీ పేరు చూసి అన్ని కార్లనూ ఒకే గాటన ఎలా కడతాం? ఏ మోడల్, ఏ ఏడాదిది అని అడగాల్సిందే.

సర్వీసు మాటకొస్తే మారుతీదే పైచేయి. 1983లో మారుతీ 800 వచ్చినప్పటి నుంచి మెకానిక్‌లకు ఆ బండ్ల మీద చేయి తిరిగిపోయింది. చిన్న టౌన్‌లోనూ పార్టులు దొరుకుతాయి, అమ్ముకుంటే మంచి ధర వస్తుంది. టాటా కొన్నవాళ్ల నోట ఫినిషింగ్ లోపాలు, స్క్రీన్ ఆగిపోవడం లాంటి ఫిర్యాదులు ఎక్కువగా వింటుంటాను.

బావ ఊళ్లోనే తిరిగేవాడైతే కళ్లు మూసుకుని డిజైర్ తీసుకోమనేవాణ్ణి. కానీ ఆయన వారం వారం ఇద్దరు పిల్లలతో సూర్యాపేట నుంచి హైదరాబాద్ వస్తాడు. 2024లో చేసిన పరీక్షల్లో నెక్సాన్‌కు పిల్లల రక్షణలోనూ 5 స్టార్లు వచ్చాయి, డిజైర్‌కు అందులో 4. అందుకే నెక్సాన్ అన్నాను. సర్వీసు సెంటర్‌కు నాలుగుసార్లు ఎక్కువ తిరగాల్సి వచ్చినా ఫర్వాలేదు.

బుకింగ్ రోజే చైల్డ్ సీట్లు కూడా కొనిపించాను. ఆ పరీక్షలో పిల్లల బొమ్మలను చైల్డ్ సీట్లలో కట్టి కూర్చోబెట్టాకే కారును గుద్దిస్తారు, ఒళ్లో పెట్టుకుని కాదు.