నియోబీ గర్వం: హోమర్ చెప్పిన తీరు, ఓవిడ్ చెప్పిన తీరు

తన కడుపుపంటను చూసుకొని, ఇద్దరే బిడ్డలున్న లీటో దేవతను తీసిపారేసిన నియోబీ కథ ప్రాచీన గ్రీకు కవి హోమర్ కావ్యం ‘ఇలియడ్’ 24వ సర్గలో కొద్ది పంక్తులతోనే ముగుస్తుంది. అక్కడ లీటో బిడ్డలైన అపోలో, ఆర్టెమిస్‌ల బాణాలకు చనిపోయిన నియోబీ బిడ్డలు 12 మంది. ప్రజలను దేవతల రాజు జ్యూస్ రాళ్లుగా మార్చినందున తొమ్మిది రోజులు పడి ఉన్న ఆ శవాలను పదో రోజున దేవతలే పూడ్చిపెట్టగా, ఏడ్చి అలసిన తల్లి అప్పుడు ఆహారం ముడుతుంది. తన చేతిలో చనిపోయిన కొడుకు శవం కోసం వచ్చిన ట్రాయ్ రాజు ప్రియాం చేత అన్నం తినిపించడానికే గ్రీకు వీరుడు అకిలీస్ ఈ కథ చెబుతాడు కనుక, ఆమె గర్వానికి ఇక్కడ చోటు తక్కువ.

రోమన్ కవి ఓవిడ్ ‘మెటమార్ఫోసెస్’ ఆరో భాగంలో మాత్రం గర్వమే వస్తువు, బిడ్డలు 14 మంది. బంగారు పోగులు నేసిన వస్త్రాలతో వచ్చిన ఈ థీబ్స్ (గ్రీకు నగరం) రాణి, లీటో దేవతను (ఓవిడ్ పిలుపులో లటోనా) పూజిస్తున్న స్త్రీలను ఆపించి, తన వంశాన్నీ సంపదనూ ఏకరువు పెడుతుంది. ఏడుగురు కొడుకులు నేలకొరిగాక కూడా, నీకన్నా నాకే ఎక్కువమంది మిగిలారని దేవతను దెప్పుతుంది. ఒక్కొక్క బాణం ఎక్కడ దిగిందో చెప్పే వర్ణన నాకు కాస్త అతిగానే తోస్తుంది. కానీ ఆఖరి కూతురిని తన వస్త్రంలో దాచుకొని, ఈ చిన్నదాన్నైనా వదలమని ఆమె వేడుకొనే ఘట్టానికి సాటి రాగలది హోమర్‌లో ఆ తిండి ప్రస్తావన ఒక్కటే.