వాక్యాలను కలిపే ఇంగ్లీషు మాటలపై ఒక ఆన్‌లైన్ కోర్సు: సమీక్ష

ఇంగ్లీషులో వాక్యాలను కలిపే క్రియావిశేషణాలను నేర్పేటప్పుడు హవెవర్, మోరోవర్, దేర్‌ఫోర్ వంటి మాటలను వరుసగా పేర్చి, ఒక్కొక్కదాని పక్కన ఒక్కొక్క అర్థం రాసి వదిలేయడం మామూలే. ఈ మధ్య నేను పూర్తి చేసిన ఆన్‌లైన్ కోర్సు ఆ దారిలో పోలేదు. ముందున్న వాక్యానికీ తరువాతి వాక్యానికీ సంబంధం ఏమిటో తేల్చుకున్నాకే మాటను ఎంచుకోవాలన్న పద్ధతిని అది మొదటి పాఠం నుంచే పాటించింది. దాని అసలు బలం అదే.

ఆన్ ద కాంట్రరీ, ఆన్ ది అదర్ హ్యాండ్ అనే రెండింటికి కేటాయించిన పాఠం అన్నిటిలోకీ మేలైనది. రెండూ వ్యతిరేకతను తెలిపేవే అన్న భావనతో చాలామంది ఒకదాని చోట మరొకటి రాసేస్తారు. ‘ద ఎగ్జామ్ వాజ్ నాట్ డిఫికల్ట్’ అన్న తరువాత ‘ఆన్ ద కాంట్రరీ, ఇట్ వాజ్ క్వైట్ ఈజీ’ అని రాయవచ్చు. ఎందుకంటే పరీక్ష కష్టంగా ఉందన్న అభిప్రాయాన్ని తోసిపుచ్చుతూ, మొదటి వాక్యం చెప్పిన మాటనే రెండో వాక్యం మరింత గట్టిగా చెబుతోంది. నగరంలో జీతాలు ఎక్కువే, ఖర్చులు కూడా ఎక్కువే అని చెప్పాలంటే మాత్రం, రెండు విషయాలూ నిజమే కాబట్టి, అక్కడ ఆన్ ది అదర్ హ్యాండ్ రావాలి. ఈ తేడాను సూత్రంగా వల్లె వేయించకుండా, ఒకే పేరాను రెండు విధాలుగా రాసి చూపి, ఏది ఎక్కడ పొసగలేదో నేర్చుకునేవారి చేతనే చెప్పించడం నాకెంతో నచ్చింది.

ఎట్ లాస్ట్, లాస్ట్‌లీ మధ్య తేడాను కూడా ఇంతే శ్రద్ధగా చెప్పారు. చాలాసేపు ఎదురుచూశాక బస్సు వస్తే ఎట్ లాస్ట్ అంటాము. కారణాలను వరుసగా చెబుతూ చివరిదానికి వచ్చినప్పుడు లాస్ట్‌లీ అనాలి. ఫైనల్లీ ఈ రెండు చోట్లా చెల్లుతుంది. ఎట్ ఫస్ట్ అని మొదలుపెడితే ఆ తరువాత పరిస్థితి మారిందని చదువరి ఊహిస్తాడు కనుక, మొదటి కారణాన్ని చెప్పడానికి దాన్ని వాడకూడదన్న వివరణ ప్రత్యేకించి మెచ్చుకోదగినది. హెన్స్ తరువాత ‘హెన్స్ ద డిలే’ అన్నట్లు నామవాచకం ఒక్కటే వచ్చి ఆగవచ్చునని, దేర్‌ఫోర్‌ను అలా వాడలేమని ఒక్క మాటలో చెప్పి ముందుకు సాగారు. అక్కడ అంతకన్నా అవసరం లేదు.

విరామ చిహ్నాల విషయంలో మాత్రం ఇంత క్లుప్తత తగదు. హవెవర్ అనేది బట్ లాగా రెండు వాక్యాలను ఒకే వాక్యంగా కలిపే సముచ్చయం కాదు. రెండు పూర్తి వాక్యాల మధ్య కేవలం కామాలతో దాన్ని ఇరికిస్తే వాక్యం తప్పవుతుంది. ముందు ఫుల్‌స్టాప్ గానీ సెమీకోలన్ గానీ, వెనుక కామా ఉండాలి. ఎక్కువమంది తడబడే ఈ విషయానికి కనీసం ఒక పూర్తి అభ్యాసమైనా ఇవ్వవలసింది.

అన్నిటికన్నా బాధ కలిగించినది చివరి భాగం. అక్కడ వ్యాసాలు దిద్దే సాఫ్ట్‌వేర్, ప్రతి వాక్యాన్నీ ఏదో ఒక అనుసంధాన పదంతో మొదలుపెట్టిన వ్యాసానికే ఎక్కువ మార్కులు వేసింది. విదేశీ చదువులకు, వలసలకు అడిగే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో రాత భాగాన్ని దిద్దే నాలుగు సమాన ప్రమాణాల్లో పొందిక, అనుసంధానం అన్నవి కలిసి ఒకటి. ఈ మాటలను యాంత్రికంగా వాడడాన్ని అక్కడ లోపంగానే చూస్తారు. అంత జాగ్రత్తగా పాఠాలు చెప్పిన కోర్సు, మార్కుల దగ్గరికి వచ్చేసరికి నేర్చుకునేవారిని తిరిగి పాత అలవాటు వైపే నెట్టడం అన్యాయం. కోర్సులో చేరేవారు పాఠాలన్నీ తప్పక చదవాలి. వ్యాసాలను మాత్రం ఆ సాఫ్ట్‌వేర్‌కు వదలకుండా, ఇంగ్లీషు బాగా రాసే మనిషి చేత దిద్దించుకోవాలి. కోర్సు నిర్వాహకులు ఈ భాగాన్ని తిరగరాసేటప్పుడు, అనుసంధాన పదం అక్కరలేని చోట దాన్ని తీసివేయించే అభ్యాసాలను చేర్చాలని నా విన్నపం.