మూడ్ డైట్ ప్రోగ్రామ్ రివ్యూ: డైటీషియన్ బంగారం, డబ్బా దండగ

తిండి మార్చి ఆందోళన, డిప్రెషన్ తగ్గిస్తామని చెప్పే ఒక ఆన్‌లైన్ ప్రోగ్రామ్‌లో చేరి మూడు నెలల ప్యాకేజీ పూర్తి చేశాను. పేరు రాయను, ఇదే మూసలో ఇప్పుడు బోలెడు వస్తున్నాయి కాబట్టి ఒకదాని గురించి చెప్పింది మిగతావాటికీ చాలావరకు సరిపోతుంది. డబ్బు కడితే యాప్, వారానికోసారి డైటీషియన్‌తో వీడియో కాల్, నెలనెలా ఇంటికొచ్చే 'మూడ్ సపోర్ట్' క్యాప్సూల్స్ డబ్బా ఇస్తారు. మార్కులు ముందే చెప్పేస్తా: కాల్స్‌కి అయిదుకి నాలుగున్నర, యాప్‌కి రెండు, డబ్బాకి సున్నా. ఇంకో మాట, నేను డాక్టర్ రాసిన మందు వాడుతూనే ఇందులో చేరాను, ఇప్పటికీ వాడుతున్నాను, ఎవరూ నన్ను చూసి మందులు మానకండి.

మొదటి కాల్‌లో చార్ట్ ఒకటి పంపి చేతులు దులుపుకుంటారనుకున్నా. ఆవిడ అలా చేయలేదు. "నిన్న లేచిన దగ్గర్నుంచి ఏం తిన్నారో, ఏం తాగారో వరసగా చెప్పండి" అన్నారు. చెప్తూ ఉంటే మధ్యలో ఆపి, "కాఫీ ఏదైనా తిన్నాకా, తినకముందా?" అని అడిగారు. తినకముందే, అదీ రెండు పెద్ద కప్పులు, ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ఏమీ లేదు. నాకు రోజూ పదకొండు గంటల ప్రాంతంలో గుండె దడ, చేతుల వణుకు, ఏదో జరగబోతోందన్న భయం వస్తాయి, ఆఫీసు టెన్షన్ అనుకుని ఊరుకునేవాణ్ణి. ఆవిడ చెప్పిందేమిటంటే, తాగిన కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది, దానికి తోడు చాలాసేపు తినకుండా ఉంటే కొంతమందిలో శరీరం షుగర్ పడిపోకుండా అడ్రినలిన్ అనే హార్మోన్ వదులుతుంది, అడ్రినలిన్ చేసే పనులకీ ఆందోళన లక్షణాలకీ పైకి తేడా కనపడదు. దడ ఒంట్లో మొదలైతే మనసు దానికో కారణం వెతుక్కుంటుంది. పానిక్ డిజార్డర్ (ఉన్నట్టుండి తీవ్రమైన భయం ముంచుకొచ్చే జబ్బు) ఉన్నవాళ్లకైతే ఎక్కువ మోతాదు కెఫీన్ నేరుగా పానిక్ అటాక్ తెప్పించగలదు. యూరప్ ఆహార భద్రతా సంస్థ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజుకు 400 మిల్లీగ్రాముల దాకా ఫర్వాలేదంటుంది కానీ, ఆందోళన ఉన్నవాళ్లు ఆ లెక్క పట్టుకుని కూర్చుంటే కష్టమే.

కాఫీ ఒక్కసారిగా మానొద్దని కూడా ఆవిడే చెప్పారు, అలా మానితే తలనొప్పి, నీరసం, చిరాకు వస్తాయి, అది చూసి డిప్రెషన్ పెరిగిందని భయపడతాం. మెల్లగా తగ్గించి, ఏదో ఒకటి తిన్నాకే తాగడం మొదలుపెట్టాక ఆ పదకొండింటి దడ బాగా తగ్గింది. దిగులు సంగతి వేరు. అది కూడా కాస్త తేలికపడింది, కానీ తిండి వల్లా, మందు వల్లా, వారానికోసారి ఒక మనిషి ఓపిగ్గా నా మాట వినడం వల్లా అంటే విడదీసి చెప్పలేను.

ఇక వాళ్ల వెబ్‌సైట్ ప్రచారం. "90 శాతం సెరటోనిన్ పేగుల్లోనే తయారవుతుంది, పొట్ట బాగు చేస్తే మూడ్ దానంతటదే బాగవుతుంది" అని పెద్దక్షరాల్లో వేశారు. సెరటోనిన్ అంటే మూడ్‌తో సంబంధమున్న ఒక రసాయనం. మొదటి సగం నిజం. కానీ పేగుల్లోని సెరటోనిన్ రక్తం నుంచి మెదడులోకి దాటలేదు, మెదడు తనకి కావలసింది తిండిలోంచి వచ్చే ట్రిప్టోఫాన్ అనే పదార్థం నుంచి తనే తయారు చేసుకుంటుంది. పేగులకీ మెదడుకీ నరాల ద్వారా, రోగనిరోధక వ్యవస్థ ద్వారా సంబంధం ఉన్నమాట నిజమే, అయితే అది ఇలా కూడికలు చేసి చూపించేంత తేలికైంది కాదు.

దాని కింద స్మైల్స్ ట్రయల్ గురించి వేశారు. అది నిజమైన పరిశోధనే, ఆస్ట్రేలియాలో ఫెలీస్ జాకా అనే పరిశోధకురాలి బృందం చేసింది, 2017లో వచ్చింది. డిప్రెషన్ ఉన్న 67 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి డైటీషియన్ సలహా, ఇంకో గుంపుకి కబుర్లు చెప్పే తోడు ఇచ్చారు. 12 వారాలయ్యేసరికి డైట్ గుంపులో 32 శాతం మంది దాదాపు కోలుకున్నారు, రెండో గుంపులో 8 శాతం. మన వెబ్‌సైట్ ఆ 32 ఒక్కటే రాసుకుంది. చేరినవాళ్లందరి తిండీ ముందు నుంచే అధ్వాన్నంగా ఉందని, చాలామంది అప్పటికే ఏదో ఒక చికిత్సలో ఉన్నారని, గుంపు చాలా చిన్నదని, తాము ఏ గుంపులో ఉన్నదీ వాళ్లకి తెలుసని రాయలేదు. నాకు బాగా ఒళ్లు మండింది ఎక్కడంటే, ఆ ప్రయోగంలో ఇచ్చింది కూరగాయలు, పప్పుగింజలు, చేప, ఆలివ్ నూనె లాంటివి తినమనే సలహా. వీళ్లేమో ఆ అంకె పక్కనే క్యాప్సూల్స్ ఫొటో పెట్టారు!

క్యాప్సూల్స్ మీద వచ్చిన పెద్ద ప్రయోగం వేరే ఉంది, మూడ్‌ఫుడ్. నాలుగు యూరప్ దేశాల్లో వెయ్యి మందికి పైగా, బరువు ఎక్కువుండి కాస్త దిగులు లక్షణాలున్న వాళ్లకి, ఏడాదిపాటు ఒమేగా-3 (చేపనూనెలో ఉండే ఒక రకం కొవ్వు), విటమిన్ డి, ఫోలిక్ యాసిడ్, సెలీనియం ఇచ్చి చూశారు. 2019లో ఫలితం వచ్చింది: డిప్రెషన్ రాకుండా ఆపడంలో ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగేమీ కాదు. నా డబ్బాలో ఉన్నవి ఇంచుమించు అవే. న్యాయంగా చెప్పాలంటే ఇప్పటికే డిప్రెషన్ ఉన్నవాళ్లకి మందుతో పాటు ఈపీఏ (ఒమేగా-3లో ఒక రకం) ఎక్కువగా ఉన్న ఒమేగా-3 కొంత పనికొస్తుందని కొన్ని ప్రయోగాల్లో కనపడింది. మరి ఈ లేబుల్ మీద "ఫిష్ ఆయిల్ 500 మి.గ్రా." అనే ఉంది, అందులో ఈపీఏ ఎంతో లేదు. రక్తపరీక్షలో బీ12 తక్కువని తేలితే అది వేరే కథ, ఆ లోపం అచ్చం డిప్రెషన్‌లాగే కనపడొచ్చు, మాంసాహారం ముట్టనివాళ్లు, ఏళ్ల తరబడి షుగర్ జబ్బుకి మెట్‌ఫార్మిన్ మందు వాడేవాళ్లు ఒకసారి చూపించుకోవడం మంచిది. పరీక్ష లేకుండా అందరికీ ఒకే డబ్బా పంపడం మాత్రం వ్యాపారం.

దండగైతే పోనీ అనుకోవచ్చు. లేబుల్ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో 'హైపెరికం పెర్ఫొరేటమ్' అని ఉంది. అంటే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక. డిప్రెషన్‌కి మామూలుగా రాసే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులతో కలిపి వేసుకుంటే సెరటోనిన్ ప్రమాదకరంగా పెరిగిపోవచ్చు, గర్భనిరోధక మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ లాంటి మందుల పని కూడా తగ్గించేస్తుంది. చేరేటప్పుడు నింపించుకున్న ఫారంలో ఎత్తు, బరువు, అలర్జీలు, ఇష్టమైన రంగు కూడా (ఎందుకో మరి!) అడిగారు, ఏ మందులు వాడుతున్నారని ఒక్క గడి లేదు. లేబుల్ కెమెరాకి చూపిస్తే డైటీషియనే, "ఇది మొదలుపెట్టకండి, ముందు మీ డాక్టర్‌ని అడగండి" అన్నారు, సొంత కంపెనీ సరుకని చూడకుండా. డాక్టర్ కూడా వద్దన్నారు. నాలుగున్నర మార్కుల్లో సగం దానికే.

యాప్‌లోనూ ఇదే అజాగ్రత్త. 'ఉప్పు లేని వారం' అని ఒక ఛాలెంజ్ పెట్టారు. లిథియం (బైపోలార్ లాంటి మానసిక సమస్యలకి ఇచ్చే మందు) వాడే మనిషి ఉన్నట్టుండి ఉప్పు తగ్గిస్తే రక్తంలో లిథియం స్థాయి పెరిగి విషమయ్యే ప్రమాదముంది, ఆ హెచ్చరిక ఎక్కడా లేదు. వంటకాలేమో ఒక్కోదానికి పద్నాలుగు దినుసులు. మంచం మీంచి లేవడమే గగనమైన రోజున ఎవరు తరుగుతారండీ అవన్నీ? ఒకరోజు ఏమీ నమోదు చేయకపోతే "మీ స్ట్రీక్ తెగిపోయింది" అని ఏడుపు బొమ్మతో నోటిఫికేషన్, అసలే దిగులుగా ఉన్నవాడికి. దీనికన్నా డైటీషియన్ రాయించిన 'వండలేని రోజు' లిస్టు వందరెట్లు నయం: ఉడికించిన గుడ్డు, పండు, గుప్పెడు గింజలు, డబ్బాలో దొరికే బీన్సో చేపో. అది ఫ్రిజ్ తలుపు మీద అతికించుకున్నా, ఇప్పటికీ వాడుతున్నా.

డబ్బా వద్దు, కాల్స్ ఒక్కటే ఉంచండి, దానికే డబ్బు కడతానని సపోర్ట్‌కి రాశాను. అలాంటి ప్లాన్ లేదన్నారు, అందుకని రెన్యూ చేయలేదు, బయట డైటీషియన్ కోసం చూస్తున్నా. ఫారంలో మందుల ప్రశ్న చేర్చమని కూడా అదే మెయిల్‌లో రాశా. 'మీ సమస్య పరిష్కరించబడింది' అని టికెట్ మూసేశారు, ఫారం మాత్రం నిన్న చూసినా అలాగే ఉంది, ఇష్టమైన రంగుతో సహా.