ఏటిగట్టు దిగేటప్పుడు: రాజమండ్రి నుంచి అంతర్వేది దాకా సైకిల్ మీద

కోనసీమలో కొండలు లేవు కదా, దిగుడు గురించి మనకెందుకు అనుకునేవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. కొండల బదులు మనకు ఏటిగట్లు, వారధులు ఉన్నాయి. ఎక్కుడు చిన్నదే, కానీ గట్టు మీంచి ఊళ్ళోకి దిగే ర్యాంపు ఒక్కసారిగా వాలిపోతుంది, సరిగ్గా కింద మలుపులోనే టీకొట్టో కాలువ వంతెనో ఉంటుంది.

డిసెంబరు మొదట్లో ముగ్గురం బయల్దేరాం. ధవళేశ్వరం బ్యారేజీని తెల్లవారకముందే దాటేస్తే హాయి, తరవాత బళ్ళు పెరుగుతాయి. దారిలో బొబ్బర్లంక, లొల్ల లాకులు, ఆత్రేయపురం వస్తాయి, తరవాత రావులపాలెం. ఆత్రేయపురం పూతరేకులు కొన్నచోటే తినేయండి, బ్యాగులో పెడితే నుగ్గయిపోతాయి.

రావులపాలెం దాటాక అసలు సంగతి మొదలైంది. సార్వా కోతల రోజులు, రోడ్డుకి ఒక పక్కంతా ధాన్యం ఆరబోసి ఉంది. ఒక ర్యాంపు దిగుతూ మావాడు కింద మలుపులో ముందు బ్రేకు గట్టిగా పట్టాడు, చక్రం కింద గింజలు గోళీల్లా దొర్లాయి, మోచేయి చెక్కుకుపోయింది. ధాన్యం తిరగేస్తున్న పెద్దాయన పరుగున వచ్చి లేపి, నీళ్ళు పోసి కడిగి, "నెమ్మదిగా వెళ్ళండి బాబూ, ఇక్కడంతా జారుడే" అన్నారు. చెదిరిన గింజలు మేమే చేత్తో ఎత్తాం. అది ఆయన ఏడాది కష్టం, దాని మీంచి తొక్కుకుపోవడం తప్పు, ఎంత తొందరున్నా.

అందుకే ఏ బ్రేకైనా మలుపుకి ముందే, సైకిల్ నిటారుగా ఉన్నప్పుడే, రెండు చేతులతో కొద్దికొద్దిగా పట్టాలి. గింజలున్నచోట, ట్రాక్టరు చక్రాల బురద రాలినచోట బ్రేకు ముట్టుకోకుండా తిన్నగా పోవాలి. ముందువాడికి దగ్గరగా అంటుకుని దిగకూడదు, దాటాలంటే పిలిచి చెప్పి కుడివైపు నుంచే దాటాలి. ఆగాలంటే ర్యాంపు మధ్యలో కాదు, కిందికి దిగి రోడ్డు పక్కకు వెళ్ళి ఆగాలి. ఇంకొకటి నాకు అన్నిటికంటే ముఖ్యం: కొబ్బరికాయల బస్తాలు కట్టిన సైకిల్‌ని పైకి తోసుకొచ్చే మనిషి ఎదురైతే దారి ఆయనదే. మనం ఆగితే మళ్ళీ కదలగలం, ఆయన ఆగితే ఆ బరువు వెనక్కి లాగేస్తుంది.

రాత్రి దిండిలో ఉన్నాం. గోదావరి ఒడ్డున గదులు బాగున్నాయి, శని ఆదివారాల్లో రేటు ఎక్కువ, సంక్రాంతికైతే చాలా ముందే చెప్పుకోవాలి. దారిలో ముందు అడిగిన ఒక లాడ్జిలో సైకిళ్ళు బయటే పెట్టమన్నారు, అందుకే వచ్చేశాం. గది తీసుకునేముందు ఈ మాట ఫోన్లోనే అడగండి. పంక్చరు షాపులు ఊరూరా ఉన్నాయి గానీ సన్న టైర్ల ట్యూబులు దొరకలేదు, రెండు మీ దగ్గరే ఉంచుకోండి.

మర్నాడు చించినాడ వారధి. ఎక్కుడు తేలికే, దిగేటప్పుడు మాత్రం వశిష్ఠ (గోదావరి పాయ) మీంచి అడ్డంగా వీచే గాలి సైకిల్‌ని పక్కకు నెడుతుంది, లారీ దాటిపోయిన క్షణంలో ఇంకా గట్టిగా. వారధి పలకల మధ్య ఉండే జాయింట్లని ఏటవాలుగా కాకుండా నేరుగా దాటాలి. అక్కడినుంచి పాలకొల్లు మీదుగా నరసాపురం వెళ్ళి, పంటు (మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పడవ) ఎక్కి సఖినేటిపల్లి రేవులో దిగి అంతర్వేది చేరాం. పంటు మీద సైకిల్‌కి ఇబ్బందేమీ లేదు, మోటారు సైకిళ్ళ పక్కన నిలబెట్టుకోవచ్చు. రేవు వాలు తడిగా, పాచిపట్టి ఉంటుంది కాబట్టి తొక్కుతూ దిగకుండా నడిపించుకు వెళ్ళండి, పక్కన పిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్ళు కూడా అదే వాలు మీద నడుస్తుంటారు.